గొడుగుల చొక్కాలు

చిట్టమూరులో బట్టలు కుట్టే దరియావలి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. నలుగురు పిల్లల్లో పెద్దవాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని తడ దగ్గర దర్గా గంధం ఉత్సవానికి వెళ్ళాలి. అక్కడ మస్తాన్‌బీతో పెళ్ళి మాట్లాడాలి. చిన్నవాళ్ళిద్దరూ ఇంకా పుట్టనట్టే మాట్లాడి, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి.

భార్య పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మూడు సంబంధాలు వచ్చాయి. నలుగురు పిల్లలనగానే మూడూ వచ్చిన దారినే పోయాయి. అందుకే మధ్యవర్తి అల్లాబక్షు ఈసారి, "సగం చెప్పన్నా. మిగతా సగం నిఖా అయినాక మెల్లిగా తెలుస్తుంది" అని ఉపాయం చెప్పాడు. మస్తాన్‌బీకీ భర్త లేడు, ఒక కూతురు. కిందటేడు ఎవరి పెళ్ళిలోనో ఆమె వడ్డిస్తూ నవ్విన నవ్వు దరియావలి ఇంకా మరిచిపోలేదు. ఈ సంబంధం కూడా తప్పిపోతే మళ్ళీ ప్రయత్నించే ఓపిక తనలో లేదని ఆయనకు తెలుసు.

పిల్లలకు రంజాను బట్టలే వేశాడు. పసుపు గుడ్డ మీద ఎర్ర గొడుగులు. ఒక ఇంటి పిల్లలందరికీ ఒకే తానులో గుడ్డ తీయడం అక్కడి ఆనవాయితీ. బట్టలు చూసే ఎవరి పిల్లలో చెప్పేస్తారు. అయితే దరియావలి చవగ్గా వస్తోందని తాను మొత్తం కొన్నాడు. నలుగురికీ పోను మిగిలినదాంట్లో ఒక్క ముక్క ఉంచి, తక్కినదంతా చొక్కాలు కుట్టి, తడ దాకా ఉన్న సంతలన్నిటిలో అమ్మేశాడు.

చిన్నవాళ్ళను అక్క బడేబీకి అప్పజెప్పాడు. సిగ్గుపడి ఎక్కడికి వెళుతున్నదీ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఏటా గంధానికి వెళ్ళే బడేబీ తరువాతి బస్సులో పిల్లలతో సహా అక్కడికే బయలుదేరేది కాదు.

దర్గా బయట టీ అంగడి దగ్గర మస్తాన్‌బీ, ఆమె అన్న దస్తగిరి కూర్చుని ఉన్నారు. దస్తగిరి మీసం సవరించుకుని, "మాకు కట్నాలూ కానుకలూ వద్దన్నా. అబద్ధం మాత్రం మా వంశంలోనే పనికిరాదు" అన్నాడు. దరియావలికి టీ పొలమారింది.

మస్తాన్‌బీ పెద్దపిల్ల బీజాన్‌ని దగ్గరికి పిలిచింది. "ఈ జడ ఎవరేసినారు?"

"నేనే" అన్నాడు దరియావలి.

"తెలస్తానే ఉంది" అని నవ్వి, జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. దరియావలి మనసులో సగం పెళ్ళి అయిపోయింది.

అప్పుడు మైకు గొంతు సవరించుకుంది. "గొడుగుల బొమ్మల చొక్కాలేసుకున్న ఇద్దరు పిలకాయలు తప్పిపోయినారు. తండ్రి చిట్టమూరు టైలరు దరియావలి. కనపడితే మైకు కాడికి తీసకరావాల."

అల్లుతున్న జడ మస్తాన్‌బీ చేతిలో ఆగిపోయింది. దస్తగిరి పిల్లల గొడుగులు చూశాడు. "నీ పిలకాయలిద్దరూ ఈడే ఉండారే?"

"చిట్టమూరులో ఇంకో దరియావలి ఉండాడన్నా."

"ఆయనా టైలరేనా?"

"నా దగ్గరే నేర్చుకున్యాడు."

నోరు అబద్ధం చెబుతోంది గాని, దరియావలి కాళ్ళు నిలవడం లేదు. ఐదేళ్ళు నిండని పిల్లలు, అంత జనంలో! ఇంతలో మైకు, "నలుగురు దొరికినారు" అంది. కాసేపటికి, "ఆరుగురు" అంది. పుణ్యానికి పోయే జనం గొడుగు కనబడ్డ ప్రతి పిల్లవాణ్ణీ చెయ్యిపట్టుకుని లాక్కుపోతున్నారు. చివరికి మైకు విసుక్కుంది. "దరియావలీ! నీ పిలకాయలు తొమ్మిదిమంది అయినారు, ఇంకా తెస్తానే ఉండారు. ఒకడు నాయనా నాయనా అని ఏడస్తా ఉండాడు. యాడున్నా బిన్నా పరుగెత్తి రా!"

ఆ ఏడుపు మాట వినగానే దరియావలి లేచి నిలబడ్డాడు. "వాళ్ళు నా బిడ్డలే! నాకు ఇద్దరు కాదు, నలుగురు!" అని పరుగెత్తాడు.

"మైకులో తొమ్మిదంటే నలుగురంటావా?" అంటూ దస్తగిరి వెంటపడ్డాడు. వెనక మస్తాన్‌బీ, సగం జడతో బీజాన్, ఆమె తమ్ముడు.

మైకు పందిట్లో ఒకటే గొడుగులు. చిన్నవాళ్ళిద్దరూ దరియావలి కాళ్ళకు చుట్టుకుపోయారు. మైకులో చెప్పించి పిల్లల్ని వెతకబోయిన బడేబీ అప్పుడే తిరిగొచ్చి, తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. అసలు తల్లులు ఒక్కొక్కరే వచ్చి తమవాళ్ళను లాక్కున్నారు. పులికాట్ సరస్సు మీద చేపలు పట్టే ఇంటి ముసలమ్మ, "నా మనవడికి నువ్వెప్పుడు నాయనవైతివిరా?" అని దరియావలిని నిలదీసింది.

అందరూ పోగా గొడుగుల చొక్కాతో ఒక్కడే మిగిలాడు. ఏడేళ్ళుంటాయి, తల వంచుకుని మరమరాలు తింటున్నాడు. దస్తగిరి వాడికేసి వేలు చూపి, "వీడు ఐదోవాడు! నీ అబద్ధానికి అంతుండొద్దూ?" అని అరిచాడు.

పిల్లవాడు తల ఎత్తి చూశాడు. "మామా!" అని పరుగున వచ్చి దస్తగిరి లుంగీ పట్టుకున్నాడు.

దస్తగిరి మీసం కిందికి జారింది. మస్తాన్‌బీ తల వంచుకుని, "మా చిన్నోడు. పిన్నమ్మ కాడ ఉంచి వచ్చినా, ఆమెగూడా గంధానికి వచ్చినట్టుంది. సగం చెప్పమని అల్లాబక్షన్న..." అంది.

"మీకూ అదే చెప్పినాడా!" అన్నాడు దరియావలి. మూడేళ్ళలో ఆయన అంత సంతోషంగా మోసపోవడం ఇదే మొదటిసారి.

మస్తాన్‌బీ అక్కడే కూలబడి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, బీజాన్ జడ పూర్తి చేసింది. "ఇంకెవరన్నా మిగిలుంటే ఇప్పుడే చెప్పండి. మైకు పక్కనే ఉండాం" అంది.

నెల తిరక్కుండా నిఖా అయింది. మరుసటి రంజానుకు ఆరుగురికీ ఆరు రకాల గుడ్డలు తీశారు. గొడుగుల తానులో అడుగున మిగిలిన ముక్కతో దరియావలి అల్లాబక్షుకు చొక్కా కుట్టి పెట్టాడు. అది తొడుక్కుని బజారులోకి వచ్చినప్పుడల్లా జనం ఆయన్ని దరియావలి ఏడో బిడ్డ అంటున్నారు.