కామెర్ల చేప

మా బావమరిది నాకు పెట్టిన పేరు రేపుబావ. ఏ పని చెప్పినా రేపు చేస్తాననడం నా అలవాటు. ఆ అలవాటే మొన్న నా కొంప ముంచింది, అదీ నిజంగా నీళ్ళతోనే.

మా హాల్లో మామగారి చేపల బొమ్మలు ఆరున్నాయి. ఎక్కడో వేడిదేశాల నదుల్లో తిరిగే చేపలట. వందేళ్ళ కిందట అచ్చువేసి, చేత్తో రంగులద్దినవి. మామగారు పోయి ఏడాదైంది. అప్పటినుంచి మా ఆవిడ నవ్వడం మానేసి, రోజూ ఆ అద్దాలు తుడుస్తోంది.

"గోడ చెమ్మెక్కుతోంది. పైన పగులు పూడ్పించండి," అంది.

"రేపు," అన్నాను.

వాన వదల్లేదు. ఆవిడ ఆఫీసులో ఉండగా నీళ్ళు ఫ్రేములోకి దిగి, నీలం చేప రంగంతా కారిపోయింది. తండ్రి గుర్తుగా ఆమెకు మిగిలినవి అవే. తిడుతుందని కాదు నా భయం, ఏమీ అనకుండా కూర్చుంటుందని.

చేత్తో అద్దిన రంగేగా, నాకూ చేతులున్నాయి కదా అని మా అమ్మాయి రంగులపెట్టె దించాను. అందులో నీలం అడుగంటింది. కాస్త పసుపు కలిపాను. ఆకుపచ్చైంది. సరిచేయబోతే పూర్తిగా పసుపైంది. ఫ్యాను కింద ఆరబెట్టి, గోడకు తగిలించి, పేపరు పట్టుకు కూర్చున్నాను.

ఆవిడ వచ్చి, గొడుగు మడిచి, చేప ముందు నిలబడింది.

"దీనికి కామెర్లా?"

"వయసు మీద పడింది కదా."

"మెల్లకన్ను కూడా వచ్చింది."

"నిన్నే చూస్తోందేమో."

"నన్ను కాదు, పైన పగులును చూస్తోంది."

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. చివరికి, "మీ నాన్న బొమ్మ పాడుచేశానే," అన్నాను.

ఆవిడ వెళ్ళి బీరువా తెరిచింది. చీరల మధ్య ఆరు చేపలూ పొడిగా పడుకున్నాయి.

"గోడమీదవి మా ఆఫీసులో తీసిన కలర్ ప్రింట్లు. మీరు రేపు అన్నరోజే మార్చేశాను."

"మరి రోజూ తుడుస్తావెందుకు?"

"నాన్న తుడిచేవాడు," అంది.

మళ్ళీ కామెర్ల చేపను చూసి నవ్వింది. ఏడాదిలో అదే మొదటిసారి. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఏం చేయాలో తెలీక పక్కనే నిలబడ్డాను.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "నాన్నవి మళ్ళీ గోడకెక్కేదెప్పుడు?" అంది.

"రే..." అనబోయి నోరు మూసుకుని, మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆవిడ వినాలని స్పీకరు కూడా పెట్టాను.

"వాన కదండీ," అన్నాడు మేస్త్రీ, "రేపొస్తా."

ఆవిడ నన్నే చూస్తోంది. గోడమీద మెల్లకన్ను చేప కూడా ఈసారి నన్నే చూస్తోంది.