బ్రేకు తొక్కితే పిలుపు

ఆ ఆదివారానికి గుర్వమ్మ వేసుకున్న పథకంలో తికమక ఏమీ లేదు. తెల్లవారేలోపు నూటయాభై జొన్నరొట్టెలు కొట్టి గంపల్లో సర్దాలి. ఆరున్నరకు మహబూబ్‌నగర్‌లో బయలుదేరి, తొమ్మిదింటికల్లా మక్తల్‌లో మరిది విజేందర్ ఇంటిముందు రొట్టెల బండి నిలబెట్టాలి. మరిది కూతురు నిరోషకు ఆ రోజు నిశ్చితార్థం. "పిల్లగానోళ్ళకు బండి మీది రొట్టెలు పెడ్తరా? ఇజ్జత్ పోతది" అని తోటికోడలు సావిత్రమ్మ పది రోజులుగా చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ బాధపడుతోంది. "నాకు పెద్దమ్మ రొట్టెలే కావాలె" అని నిరోష మొండికేసింది. కాబట్టి గంపల్లో ఉన్నవి రొట్టెలే అయినా, గుర్వమ్మ మోసుకుపోతున్నది తన పరువు.

బండికి బంతిపూల దండలు కట్టడం పూర్తయ్యేసరికి వెనక నుంచి భర్త ఐలేశం కేక వినిపించింది. బండిని లాగే జీపు నుంచి దానికి కరెంటు తీసుకుపోయే కేబులును ఎలుకలు జానెడు మేర కొరికిపెట్టాయి. బండి ఇండికేటర్లు, బ్రేకు లైటు, పైన మైకు, అన్నిటికీ ప్రాణం ఆ కేబులే.

"మెకానిక్ ఆజం భాయికి ఫోన్ చెయ్యి. పది నిమిషాల్ల చేసి పోతడు" అంది గుర్వమ్మ.

కరెంటు డిపార్టుమెంటులో ముప్పై రెండేళ్ళు లైన్‌మన్‌గా చేసి దిగిపోయిన ఐలేశానికి ఆ మాట గుచ్చుకుంది. "పదకొండు వేల వోల్టులు నన్ను చూసి వణికినయి. గీ పన్నెండు వోల్టులకు ఆజం గావాల్నా?"

"స్తంభం వేరు, బండి వేరు. జర నా మాట ఇను."

ఐలేశం వినలేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయనకు ఆ అలవాటు లేదు.

"నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. దేశమంతట గంతే" అంటూ డిపార్టుమెంటు రంగుల ప్రకారం తీగలు కలిపేశాడు. బండి తీగలు వేరే బడిలో చదువుకున్నాయని ఆయనకు తెలియదు. చివరికి రెండు తీగలు మిగిలితే, ఊరికే ఉండటం దేనికని వాటినీ ఒకదానికొకటి ముడేశాడు. టేపు మాత్రం ముచ్చటగా చుట్టాడు. స్విచ్చు వేస్తే ఏవో లైట్లు వెలిగాయి. దేనికి ఏది వెలిగిందో చూసే తీరిక ఇద్దరికీ లేదు. పెళ్ళికొడుకు వాళ్ళ రెండు కార్లు అప్పటికే వచ్చి నిలబడ్డాయి. సంబంధం ఫోన్లలోనే కుదిరింది, రెండువైపులవాళ్ళూ ఇంకా ఒకరినొకరు చూసుకోలేదు. వాళ్ళకు మక్తల్ దారి తెలియదు, బండి వెనకే రమ్మని విజేందర్ చెప్పాడు.

దేవరకద్ర దగ్గర మొదటి స్పీడుబ్రేకరు వచ్చింది. ఐలేశం బ్రేకు తొక్కాడు.

"రండ్రి అన్నా, రండ్రి అక్కా! మొగమాటం వద్దు, కూసోండ్రి, కడుపునిండ తినుండ్రి!"

ఐలేశం ఉలిక్కిపడ్డాడు. "ఎవలే అది?"

"నేనే."

"నువ్వు ఈడనే ఉన్నవ్ గద!"

బేరాల కోసం పోయినేడు నిరోష ఫోనులో రికార్డు చేసి బండి మైకుకు ఎక్కించిన గుర్వమ్మ పిలుపు అది. కాలు తీస్తే ఆగింది, తొక్కితే మళ్ళీ మొదలైంది.

"బ్రేకు తొక్కకు!" అంది గుర్వమ్మ.

"తొక్కకుంటె గొర్లల్లకు పోతం!"

పొగమంచులోంచి వచ్చిన గొర్రెల మంద తాపీగా రోడ్డు దాటింది. ఆ మందను గుర్వమ్మ గొంతు పదకొండుసార్లు భోజనానికి పిలిచింది.

"గా వైరు పీకి పారెయ్యి!"

"పీకితె బ్రేకు లైటు పోతది. ఎనకోడు గుద్దితె నీ రొట్టెలన్నీ రోడ్డు పాలు."

గొర్రెలైతే పిలుపు పట్టించుకోలేదుగానీ, పక్కన ఆగిన ట్రాక్టరులోని ఇరవైరెండు మంది ఆడవాళ్ళు పట్టించుకున్నారు. వాళ్ళు పత్తి ఏరడానికి పోతున్నారు. మంచు ఆరితేగానీ చేనులో పని మొదలుకాదు. పూలదండల బండి, నోరారా పిలుపు. "ఎవలిదో శుభకార్యం. పిలిచినంక పోకుంటె బాగుండదు" అని వాళ్ళ పెద్ద కిష్టమ్మ తీర్పు చెప్పింది. ట్రాక్టరు బండి వెనక చేరింది. కార్లు దాని వెనక్కి పోయాయి.

మరికల్ దగ్గర దారి చీలేచోట ఐలేశం ఎడమ ఇండికేటరు వేశాడు. బండి నెత్తిమీద కుడి లైటు మిణుకుమంది. మంచులో కార్లవాళ్ళకు కనిపించింది ఆ లైటొక్కటే. దాన్ని నమ్ముకుని వాళ్ళు నారాయణపేట దారి పట్టారు.

మక్తల్‌లో సావిత్రమ్మ పన్నీరుబుడ్డితో గుమ్మంలో నిలబడి ఉంది. బండి వెనక ట్రాక్టరు ఆగింది. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడిగి, తలలకు తువ్వాళ్ళు చుట్టుకున్న ఆడవాళ్ళు దిగారు.

"సింపుల్‌గ వస్తమన్నరుగని, గింత సింపులా?" అని ఆమె మొగుడి చెవిలో గొణిగి, అందరి మీదా పన్నీరు చల్లి, బొట్లు పెట్టి, వరసగా కూర్చోబెట్టింది.

గుర్వమ్మ, ఐలేశం పక్కసందులో బండిని వెనక్కి పెట్టే తంటాలో ఉన్నారు. వెనక్కి పెట్టడమంటే అడుగడుగునా బ్రేకు. "మొగమాటం వద్దు, కడుపునిండ తినుండ్రి!" అని మైకు అరుస్తూనే ఉంది. విజేందర్ గంపలు దించుకుపోయి వడ్డించాడు. వాళ్ళు మొహమాటపడలేదు.

నిరోష కిటికీలోంచి తొంగిచూసి, "పెద్దమ్మా, గీళ్ళల్ల మా అత్త ఎవరు?" అని అడిగేసరికి గంపల అడుగు కనిపిస్తోంది. అదే సమయానికి విజేందర్‌కు పెళ్ళికొడుకు తండ్రి నుంచి ఫోను వచ్చింది. "బావా, మేం నారాయణపేటల ఉన్నం. మీ బండి రైటుకు పోతున్నట్టు చూపెట్టి మాయమైంది. పిల్లలు ఆకలైతాందని మొత్తుకుంటున్నరు."

సావిత్రమ్మ మొహం పాలిపోయింది. తిడదామంటే, పన్నీరు చల్లింది తనే. "అక్కా, ఇప్పుడెట్ల?" అంది. పది రోజుల్లో అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

గుర్వమ్మ కిష్టమ్మ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది.

కిష్టమ్మ ముద్ద చేతిలోనే ఆగింది. "అయ్యో, నీ గొంతే గద పిలిచింది?"

"గొంతు నాదే. పిలిచింది మా ఆయన కాలు."

ఇరవైరెండు మందీ పగలబడి నవ్వారు.

"పిండి ఉన్నదా?" అంది కిష్టమ్మ, చొక్కా చేతులు మడుస్తూ.

బండిలో మూటెడు జొన్నపిండి ఉంది. ఇటుకలు పేర్చి ఆరు పొయ్యిలు వెలిగించారు, పక్కిళ్ళ పెనాలన్నీ వచ్చాయి. వాకిలంతా దరువు వేసినట్టు రొట్టెల చప్పుడు. నారాయణపేట చూసి అలసివచ్చిన పెళ్ళికొడుకు తండ్రి కాళ్ళు కడుక్కునేసరికి, పెనం మీది రొట్టె పొగలు కక్కుతూ పళ్ళెంలో పడింది. ఆయన నాలుగు తిన్నాక గానీ తల ఎత్తలేదు.

"ఏ ఫంక్షన్ల చూసినా చల్లబడ్డ పూరీలే. పెనం మీదికెల్లి పళ్ళెంలకు పెట్టుడు ఈడనే చూసిన. చెయ్యేసెటోళ్ళు గింతమంది ఉన్నరంటె మీది పెద్ద కుటుంబమే బావా!"

"నేనే అన్న అన్నయ్యా, మా అక్క రొట్టెలే పెట్టాలని" అంది సావిత్రమ్మ వెంటనే. గుర్వమ్మ ఆమె వైపు చూసి, ఇంకో రొట్టె తిప్పింది. మంచు ఆరాక కిష్టమ్మ బృందం ఒళ్ళో తాంబూలాలతో చేనుకు కదిలింది.

తిరుగుదారిలో ఐలేశం, "చూసినవా? అంతా నా వైరింగ్ పుణ్యమే" అన్నాడు.

మర్నాడు ఆజం వచ్చి టేపు విప్పి, చాలాసేపు నవ్వి, అన్ని తీగలనూ సరిచేశాడు. బ్రేకుకూ మైకుకూ కుదిరిన సంబంధాన్ని మాత్రం గుర్వమ్మ విడదీయనివ్వలేదు. ఇంట్లో ఎలాగూ వినని మనిషి, కనీసం స్పీడుబ్రేకరు దగ్గరైనా పెళ్ళాం మాట వింటాడు.