ఈశాన్యపు గాలికి తిరిగే సేల్‌బోటు

మానవజాతి సముద్రాన్ని ఎప్పుడో జయించింది. సముద్రం మీదికి వెళ్లేముందు నింపవలసిన ఎక్సెల్ షీటుని మాత్రం ఇంకా జయించలేదు.

సిడ్నీలో మా స్కోఫీల్డ్స్‌లో ఏ తెలుగు కుటుంబమైనా ఒకరు వాడిన వస్తువు కొనదలచుకుంటే, అది కారు కానివ్వండి, పిండి రుబ్బే గ్రైండరు కానివ్వండి, ముందుగా వాడిన వస్తువుల పరిశీలక మండలికి దరఖాస్తు చేసుకోవాలి. మండలి మండే తప్ప అన్ని రోజులూ సమావేశమవుతుంది. (మండేది దరఖాస్తుదారుకే.) అధ్యక్షులు ద్వారకానాథ్ గారు వృత్తి రీత్యా ప్రాజెక్ట్ మేనేజరు, అంటే పని ఎందుకు కాలేదో సకాలంలో చెప్పేవారు. దిక్కుల విభాగాధిపతి రామానుజం గారు బ్యాంకులో రిస్కులు అంచనా వేస్తారు. రీసేల్ విలువల కమిషనర్ సుబ్బు సాఫ్ట్‌వేర్ టెస్టరు. తప్పు దొరికేదాకా తను నిద్రపోడు, దొరికాక మమ్మల్ని నిద్రపోనివ్వడు. మినిట్స్ రాసేది నేను. గంటలకొద్దీ జరిగేదాన్ని మినిట్స్ అని ఎందుకంటారో నియమావళిలో లేదు.

గత సెప్టెంబరులో ఈ మండలికి నూట పన్నెండో దరఖాస్తు వచ్చింది. దరఖాస్తుదారు శేషుకుమారి గారు, అధ్యక్షులవారి సొంత భార్య. కాకినాడలో పుట్టిన మనిషి. ఆస్పత్రి ల్యాబులో రక్తనమూనాలు పరీక్షిస్తారు. పందొమ్మిదేళ్లుగా సముద్రానికి గంట దూరంలో కాపురం ఉంటూ, ఇండియా నుంచి చుట్టాలొస్తే తప్ప సముద్రం మొహం చూడలేదు. కిందటేడు ఎవరికీ చెప్పకుండా ఒక క్లబ్బులో చేరి, పన్నెండు శనివారాలు సేలింగ్ నేర్చుకున్నారు. ఆవిడ కోరేది ఒక్కటే: చవగ్గా ఒక పాత తెరచాప పడవ కొనుక్కుని, ఒడ్డు కనబడుతూ ఉండగానే ఉత్తరంగా పోర్ట్ స్టీఫెన్స్ దాకా వెళ్లి రావడం. తీరప్రయాణం ఆవిడ తీరని కోరిక.

మండలి వాట్సాప్ గ్రూపులో తెలుగు లిపిలోనే రాయాలని మూడో నియమం. (భాషాభిమానం. మా పిల్లలెవరూ ఆ గ్రూపులో లేరు.) అందుచేత ద్వారకానాథ్ గారు ఇలా పోస్టు పెట్టారు: "సేల్‌బోటు కావలెను. ధర అందుబాటులో ఉండవలెను. గాలితో నడవవలెను."

గాలికి విప్పే సేల్‌కీ, దుకాణం ముందు వేలాడే సేల్‌కీ ఆయన టైపింగ్‌లో తేడా లేకపోయింది. సేల్‌బోటు అంటే సేల్‌లో ఉన్న బోటు అని సుబ్బు ఖరారు చేసుకున్నాడు. మూడు వారాలు శ్రమించి, డిస్కౌంటులో ఉన్న ముప్పయ్యొక్క పడవల్ని షీటులో పేర్చాడు. చేపలు పట్టేవి, తెడ్లతో తోసేవి, ఒకటి పంపుతో గాలికొట్టి ఉబ్బించేది. (గాలితో నడవాలన్నారు కదా అని అతని వాదన.)

"సుబ్బూ, వీటిలో ఒక్కదానికీ తెరచాప లేదు కదయ్యా," అన్నారు శేషుకుమారి గారు.

"థర్టీ పర్సెంట్ ఆఫ్ ఉంది వదినా. తెరచాప తర్వాత వేయించుకోవచ్చు, సీట్ కవర్లు వేయించినట్టు."

"దేనికి కడతావు? తెరచాప కట్టే స్తంభం, మాస్ట్ ఏదీ?"

"మాస్ట్ మస్టా వదినా?"

మండలి చరిత్రలో తెర లేవకుండానే చాప చుట్టేసిన సందర్భం అదొక్కటే.

ఈలోగా పడవని ఆవిడే వెతుక్కున్నారు. స్కోఫీల్డ్స్‌కి ముప్పావుగంట దూరంలో, హాక్స్‌బరీ నది సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా, బ్రూక్లిన్‌లో నీళ్ల మీద తేలే బోయాకి కట్టి ఉంది. ఇరవయ్యేడు అడుగులు, డెబ్బై తొమ్మిదో మోడలు, కార్ల మార్కెట్‌లో అయితే ఆ ధరకి తలుపులు మాత్రమే వస్తాయి. యజమాని నెవిల్ ఒకప్పుడు ఫెర్రీల మెకానిక్కు. వయసు డెబ్బై ఎనిమిది. నవంబరు ఆఖరి ఆదివారం కూతురి దగ్గరికి టూవూంబా వెళ్లిపోతున్నాడు. టూవూంబా కొండ మీది ఊరు. అక్కడ తేలడానికి ఉన్నది బాతుల చెరువు. ఆలోపు పడవ అమ్ముడుపోకపోతే విరగ్గొట్టేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు.

"చూసి పెట్టుకునేవాళ్లకొద్దు, తిప్పేవాళ్లకే ఇస్తాను," అని కూడా అన్నాడు. ఈ షరతు మండలి నిబంధనల్లో ఎక్కడా లేదు గనక మేము పట్టించుకోలేదు.

అక్టోబరులో మొదటి తనిఖీకి వెళ్లాం. పడవ ఎక్కగానే సుబ్బు ఫోన్ తీసి ప్రశ్నలు మొదలుపెట్టాడు. షీటులో అరవై నాలుగు కాలమ్‌లు, కార్ల కోసం చేసినవే.

"మైలేజీ?"

"గాలితో నడుస్తుంది, మేట్," అన్నాడు నెవిల్.

"ఐ నో. అప్రాక్సిమేట్‌గా?"

(మినిట్స్‌లో 'మైలేజీ: గాలివాటం' అని రాశాను.)

"కీల్ ఎలా ఉంది?" అని శేషుకుమారి గారు నెవిల్‌ని అడిగారు. పడవ బోర్లా పడకుండా అడుగున ఉండే బరువుని కీల్ అంటారు. పడవకి అదే కీలకం.

"కుడి మోకాలి కీలే కొంచెం పట్టేసిందమ్మా, ఇప్పుడు పరవాలేదు," అన్నారు రామానుజం గారు, ఎంతో మర్యాదగా.

తర్వాత ఆయన ఫోన్‌లో దిక్సూచి తెరిచారు. పడవకి వంటగట్టు వెనకవైపు, టాయిలెట్ ముక్కు దగ్గర. ముక్కు అప్పుడు వాయవ్యానికి తిరిగి ఉంది. అంటే పొయ్యి సరిగ్గా ఆగ్నేయంలో పడింది, టాయిలెట్ వాయవ్యంలో పడింది. ఇంత నిఖార్సైన వాస్తు స్కోఫీల్డ్స్‌లో కొత్త ఇళ్లకి కూడా లేదని ఆయన పొంగిపోయి, "సుబ్బూ, దిక్కుల కాలమ్‌లో ఫుల్ మార్కులు ఎక్కించప్పా" అన్నారు. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. మూడింటికి గాలి మారింది. బోయాకి కట్టిన పడవ గాలి ఎటు వస్తే అటు ముక్కు తిప్పుతుంది. సిడ్నీలో ఎండాకాలమంతా మధ్యాహ్నాలు వీచేది ఈశాన్యపు గాలి.

రామానుజం గారు చూస్తుండగానే టాయిలెట్ మెల్లగా, హుందాగా, ఉత్తరం మీదుగా నడిచి వెళ్లి ఈశాన్యంలో కూర్చుంది.

"నెవిల్ గారూ, దీన్ని ఇందాకటి పొజిషన్‌లో పర్మనెంట్‌గా ఫిక్స్ చెయ్యలేమా?" అని ఆయన ఇంగ్లీషులో అడిగారు.

నెవిల్ చాలాసేపు ఆలోచించాడు. "చెయ్యొచ్చు. ఒడ్డుమీద పెట్టి కాంక్రీటు పోస్తే."

ఈ సూచన మండలికి నచ్చింది. నీళ్లలోకి దించనంతకాలం ఈ పడవ నివాసయోగ్యమని రామానుజం గారు ప్రాథమిక ధ్రువపత్రం జారీచేశారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు శేషుకుమారి గారు ఏం చేస్తున్నారో మేమెవరం చూడలేదు. నెవిల్ చూశాడు. ఆవిడ డెక్కంతా మడమతో తొక్కి, ఎక్కడ మెత్తగా ఉందో చూశారు. మాస్ట్‌ని పట్టి నిలిపే స్టీలు తాళ్లు ఎప్పుడు మార్చారని అడిగారు. (మూడేళ్లు.) ముందే వేడెక్కించి పెట్టారేమోనని ఇంజన్ మీద చెయ్యిపెట్టి చూసి, అప్పుడు స్టార్ట్ చెయ్యమన్నారు. ఆఖరికి నేల పలక ఎత్తారు. అడుగున రెండు గ్లాసుల నీళ్లున్నాయి. చూపుడువేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు, పులుసులో ఉప్పు చూసినట్టు.

"ఉప్పు లేదు," అన్నారు.

సముద్రం లోపలికి కారుతుంటే ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి. చప్పగా ఉన్నాయంటే పైనుంచి వచ్చిన వాననీళ్లే, కిటికీ రబ్బరు మారిస్తే సరి. నెవిల్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ఈ పడవ చూడ్డానికి ఇంతవరకూ పధ్నాలుగు మంది వచ్చారట. రుచి చూసింది ఆవిడే.

ఉప్పుకి షీటులో కాలమ్ లేదు. అరవై అయిదో కాలమ్ పెట్టాలా వద్దా అన్నదానిపై నవంబరు మూడో వారం దాకా చర్చించాం. మధ్యలో పడవ ఓటిదా కాదా అని ఓటింగు పెట్టాం. ఒకరు ఔనన్నారు, ఒకరు కాదన్నారు, నేను మినిట్స్ రాస్తున్నాను, అధ్యక్షులవారు తాను భర్త కనుక ఓటు వెయ్యకూడదన్నారు. పడవ సంగతి తేలలేదు గానీ ఓటింగు ఓటిదని తేలింది. నెవిల్ సామాన్ల లారీ రావడానికి పది రోజులుందనగా ఒక సాయంత్రం ద్వారకానాథ్ గారింటికి సంతకం కోసం వెళ్లాను. (టీ సంగతి మినిట్స్‌లో రాయలేదు.)

"ఏవండీ, రేపు అడ్వాన్సు ఇచ్చేద్దామా?" అన్నారు శేషుకుమారి గారు. "నెవిల్ వెళ్లిపోతాడు."

"ఫైనల్ రిపోర్ట్ రానీ శేషూ. ఒక ప్రాసెస్ ఉంది కదా."

"ఆ షీటు చేసినవాళ్లలో ఒక్కరికైనా పడవ నడపడం వచ్చా?"

"అందుకే కదా ఇంత జాగ్రత్త పడుతున్నాం."

"మా ఇంటికొచ్చి నన్ను చూసుకున్నప్పుడు ఎన్ని కాలమ్‌లు చూశారేంటి?"

"ఎన్నో లేవు. మూడో, నాలుగో."

"నష్టపోయారా?"

ద్వారకానాథ్ గారు టీ తాగారు. యూనివర్సిటీ నుంచి అప్పుడే వచ్చిన వాళ్లమ్మాయి బిందుమాధవి బ్యాగు దించకుండానే, "అమ్మా, జస్ట్ బై ఇట్. ఐ విల్ కమ్ విత్ యూ," అంది.

"నాన్నని కూడా అడగవే."

"నావ నా వల్ల కాదమ్మా," అన్నారాయన. నవ్వుతూనే అన్నారు. కప్పు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నారు. ఆయనకి ఈత రాదని నాకు ఆ రోజే తెలిసింది. షీటు ఎందుకు తెమలడం లేదో కూడా కొంచెం తెలిసింది. అది ఎజెండాలో లేని అంశం.

నవంబరు ఆఖరి శనివారం ఉదయం తొమ్మిదింటికి తుది తనిఖీ కోసం మండలి బ్రూక్లిన్ చేరుకుంది. అధ్యక్షులవారు కారులో ఒక్కరే వచ్చారు. ఆడవాళ్లిద్దరూ పొద్దున్నే పనుందని వెళ్లారని చెప్పారు. రామానుజం గారు ఈసారి నిజమైన దిక్సూచి తెచ్చారు. సుబ్బు లామినేట్ చేసిన షీటు తెచ్చాడు. జెట్టీ చివర నెవిల్ పనిముట్ల పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బోయా ఉంది. పడవ లేదు.

"ఆవిడ మంగళవారమే కొనేసింది," అన్నాడు నెవిల్. "ఏడింటికి పాపతో కలిసి వెళ్లింది. పడవ కట్టుకునే ఈ మూరింగ్ అద్దె కూడా తన పేరు మీద రాయించుకుంది. గాలి బావుంది."

దరఖాస్తు పెండింగులో ఉండగా దరఖాస్తుదారే వస్తువు కొనేస్తే ఏం చెయ్యాలో నియమావళిలో లేదు.

"అన్నా, మరి రిపోర్ట్‌లో ఏం రాద్దాం?" అన్నాడు సుబ్బు.

రామానుజం గారు ఆలోచించి ఒక వాక్యం చెప్పారు, నేను రాశాను: "సదరు పడవ తనిఖీకి గైర్హాజరు అయినందున తిరస్కరించడమైనది." ముగ్గురం సంతకాలు పెట్టాం. అధ్యక్షులవారు పెట్టలేదు. ఫోన్ చూసుకుంటున్నారు. భార్య పంపిన మెసేజ్‌ని మాకు చదివి వినిపించారు.

"పోర్ట్ స్టీఫెన్స్ ఇవాళ కాదు, సెలవుల్లో. సాయంత్రానికి వచ్చేస్తాం. ఫ్రిజ్‌లో గోంగూర పప్పుంది. వచ్చే శనివారం మీరూ రండి. లోతులేని చోటే తిప్పుతాను. మీకో లైఫ్ జాకెట్ ఉంటే చాలు."

ఆయన ఆ నీళ్లవైపు చాలాసేపు చూశారు. వెళ్లాలని ఉంది, అది మా ముగ్గురికీ కనిపించింది. తర్వాత మావైపు తిరిగి, "మంచి లైఫ్ జాకెట్ అంటే ఏవేం చూసుకోవాలంటారు?" అని అడిగారు. సుబ్బు రాసుకోవడానికి లామినేట్ షీటుని వెనక్కి తిప్పాడు.

ఇది జరిగి పదమూడు వారాలు. లైఫ్ జాకెట్ల పట్టికలో ప్రస్తుతం నలభై ఒక్క వరుసలున్నాయి. రీసేల్ విలువ తేలింది, రంగు దగ్గర ఆగింది. ద్వారకానాథ్ గారు ప్రతి శనివారం ఉదయం భార్యనీ కూతురినీ బ్రూక్లిన్‌లో దించి, జెట్టీ మీద నిలబడి, పడవ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి వస్తున్నారు. శేషుకుమారి గారు తాడు విప్పేముందు, ఆయన ఎక్కుతారేమోనని అయిదు నిమిషాలు ఆగుతారు.

మొదట్లో పావుగంట ఆగేవారు.