నాలుగో గడి

ఆ సోమవారం ఉదయం ఎదెల్మీరా తార్కి వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగ్‌లో ఎవరూ నిద్రపోకూడదు. అంతే.

కొండల మధ్య ఎల్ ఆల్తో ఊళ్ళోని ఆ బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్రణాళికా విభాగం అంటే ఎదెల్మీరా, ఒక కుర్చీ, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా. ఆమెది మూడేళ్ళుగా టెంపరరీ ఉద్యోగం. మార్చిలో పర్మనెంట్ చేసేవాళ్ళ జాబితా వేస్తారు. కిందటి వారం ఆమె పనుల పట్టీ చదివి వినిపిస్తూంటే, లారీలు పంపించే కసిమీరో గురక పెట్టాడు. గురకతో ఆగినా బాగుండేది. నిద్రలోనే "సరే, పంపించెయ్" అని సమాధానం కూడా చెప్పాడు. మేనేజర్ ఫ్రోయిలాన్ అర్సాబే ముఖం కందగడ్డ చేసుకుని లేచాడు.

"చూడమ్మా, వచ్చే శుక్రవారం యజమానురాలు లెయొకాదియా గారు కోచబాంబా నుంచి వస్తున్నారు. మన మీటింగ్‌లో కూర్చుంటారు. ఆవిడ ముందు ఒక్కడు ఆవలించినా మార్చి జాబితాలో నీ పేరు వెతుక్కోకు."

"వాళ్ళు ఆవలిస్తే నా తప్పేంటి సార్?"

"జోలపాట పాడేది నువ్వే కదా!"

ఆ మాట ఎదెల్మీరాకి ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు ఫోన్‌లో పాఠాలు చూసింది. అన్నిటి సారాంశం ఒక్కటే. జనం విన్నది మరిచిపోతారు, కళ్ళతో చూసింది మరిచిపోరు, కాబట్టి పనిని బొమ్మల్లో చూపించు. దానికి రంగురంగుల అయస్కాంతాలు, అద్దాల బోర్డులు కావాలట. ఫ్రోయిలాన్ పెన్సిల్ ఇవ్వడానికే సంతకం పెట్టించుకునే మనిషి. కానీ జనవరి నెల కదా, ఊరు నిండా అలసీతా అనే చిట్టి బొమ్మల బజారే. వేలెడంత పిండి బస్తాలు, అగ్గిపెట్టెంత లారీలు, గోరంత పాస్‌పోర్టులు. ఇరవై నాలుగో తేదీ మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి అలాంటివి కొని, అక్కడికక్కడే ధూపం వేయించుకుంటే ఆ ఏడాదిలోపు అసలువి ఇంటికొస్తాయని అక్కడ పసిపిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. అందుకే ఎదెల్మీరా జాగ్రత్తగా ఇరవై మూడునే కొనేసింది. ఆమెకు కావలసింది అదృష్టం కాదు, ఆఫీసు సామాను.

ఒక చెక్క బోర్డు మీద నాలుగు గడులు గీసింది. చేయవలసినవి, జరుగుతున్నవి, అయిపోయినవి. నాలుగో గడికి 'జరగకూడనివి' అని పేరు పెట్టింది. అందులో ఎడమవైపుకి పడిపోయిన లారీ, పగులు గీసిన పొయ్యి, ఒక అంబులెన్సు, ఒక చిన్న ప్రయాణపు పెట్టె ఉన్నాయి. పెట్టె కింద 'ఉద్యోగం మానేసినవారు' అని రాసింది. ఆఫీసులో ప్రతి మనిషికీ ఒక మట్టిబొమ్మ పెట్టి వెనక పేరు రాసింది. ప్యాకింగ్ చూసే సెనోబియా ఆ వారం తెల్లవారుజాము డ్యూటీకి రావాలి కాబట్టి ఆవిడ బొమ్మ పక్కన ఒక కోడిపుంజుని నిలబెట్టింది.

సోమవారం, అంటే ఇరవై నాలుగునే, పదకొండింటికి మీటింగ్ అద్భుతంగా జరిగింది. కసిమీరో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ మేలుకుని ఉండగానే. ఫ్రోయిలాన్ కూడా కళ్ళజోడు సర్దుకుని లారీని వంగి చూశాడు. ఎదెల్మీరాకి గాల్లో తేలినట్టనిపించింది. పావు తక్కువ పన్నెండుకి పిండిమిల్లు వాళ్ళు ఫోన్ చేస్తే పక్క గదిలోకి వెళ్ళింది. పన్నెండు కొట్టేసరికి ఆఫీసంతా బజారుకి పరుగెత్తింది. ఆమె ఫోన్ పెట్టేసి వచ్చి చూస్తే బోర్డు పెట్టిన బల్ల ఖాళీగా ఉంది.

ఒంటిగంటకి టీ కాచే పాస్క్వాలా అవ్వ, వీపున రంగుల గుడ్డలో బోర్డుని పసిపిల్లలా కట్టుకుని, రొప్పుతూ వచ్చింది.

"నీకేమైనా బుద్ధుందా పిల్లా? ఇన్నిన్ని కొనుక్కుని, సరిగ్గా పన్నెండింటికి ఫోన్ పట్టుకు కూర్చుంటావా? నేను చూశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే అంతా దండగయ్యేది!"

"ఎక్కడికి తీసుకెళ్ళావ్ అవ్వా?"

"ముందు వీధి మూల మీద మంత్రాలు చదివే యాతిరి దగ్గరికి. ధూపం వేశాడు, సారా చల్లాడు, తియ్యటి వైన్ పోశాడు, పూలరేకులు జల్లి గంట కొట్టాడు. మళ్ళీ ఎందుకైనా మంచిదని చర్చికి పోయి తీర్థం కూడా చల్లించా. రెండు పక్కలా గట్టిగా చేయించాన్లే, భయపడకు."

ఎదెల్మీరా బోర్డుని దింపి బల్ల మీద పెట్టింది, ఒక్క బొమ్మ కూడా చోటు మారలేదు. "నాలుగో గడికి కూడానా?"

"వదిలేస్తానా? పడిపోయిన లారీని చూసి యాతిరికి జాలేసింది. దానికి రెండుసార్లు చల్లాడు."

"అక్కడ జరగకూడనివి అని రాసుంది కదవ్వా!"

"నాకు చదువొస్తే ఇక్కడ టీ ఎందుకు కాస్తాను?" అంది అవ్వ. ఎదెల్మీరా లారీ మీదికి చెయ్యి చాచేసరికి చటుక్కున పట్టుకుంది. "తియ్యకు! ధూపం వేయించినవాటిని ఎవరైనా పారేస్తారా? వాటికి కోపమొస్తే ఏమవుతుందో నీకు తెలీదు."

ఎదెల్మీరాకి తెలుసు. ఆ ఊళ్ళో పుట్టింది మరి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

మంగళవారం పొద్దున కొండ మీది నుంచి పొగమంచు దిగి ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి ఆగింది. తొమ్మిదింటికి కసిమీరో ఫోన్ మోగింది. మలుపు దగ్గర లారీ పడిపోయింది. ఎడమవైపుకి. డ్రైవర్‌కి గీత కూడా పడలేదు గానీ ఒకటే మాట చెప్తున్నాడు. "నేను స్టీరింగ్ తిప్పలేదన్నా. ఎవరో మెల్లిగా, రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి వాల్చినట్టయింది."

బుధవారం పెద్ద పొయ్యి పగిలింది. ఎదెల్మీరా ఎర్ర సిరాతో ఎక్కడ గీత గీసిందో సరిగ్గా అక్కడే. అదే రోజు తెల్లవారుజామున ఆరింటికి, ఉప్పు బస్తాలు వేసే వ్యాపారి గేటు దగ్గర టోపీ తీసి చేత్తో పట్టుకుని, యాభై ఎనిమిదేళ్ళ సెనోబియాని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. అలసీతాలో ఆడవాళ్ళు కోడిపుంజుని కొనేది దానికే. పని తొందరలో ఎదెల్మీరాకి ఆ సంగతి తట్టలేదు.

"ఆ పుంజుని ఇంకో అంగుళం దగ్గరికి జరపొచ్చా తల్లీ?" అని సెనోబియా ఎదెల్మీరా చెవిలో అడిగింది. "ఆయన ఇంకా రోజు చెప్పలేదు."

"ముట్టుకోకు అక్కా, నీకు దండం పెడతాను."

ఆనాటి నుంచి మీటింగ్‌కి ఎవరినీ పిలవనవసరం లేకపోయింది. ఏడున్నరకల్లా అందరూ వచ్చి బోర్డు చుట్టూ నిలబడేవారు. ఆవలింత మాట దేవుడెరుగు, రెప్ప వేసినవాడు లేడు. గది రాత్రంతా తాళం వేసే ఉండేది. తలుపు తీయగానే అప్పుడే వేసినట్టు ధూపం వాసన వచ్చేది. సోమవారం జల్లిన రేకులు వాడలేదు. ఎదెల్మీరా బొమ్మలన్నిటినీ ఎవరి పనివైపు వాళ్ళని తిప్పి పెట్టింది. బుధవారం సాయంత్రానికి అవన్నీ నాలుగో గడి వైపు తిరిగి ఉన్నాయి. మీరు తిప్పారా అని ఆమె ఎవరినీ అడగలేదు. అందరూ కాదంటారేమోనని భయం.

గురువారం పదింటికి పొగమంచులోంచి ఒక అంబులెన్సు ఫ్యాక్టరీ ఆవరణలోకి వచ్చింది. దీపం తిరుగుతోంది, చప్పుడు లేదు. ఆఫీసులో అందరూ ముందు తమని తాము తడిమి చూసుకుని, తర్వాత పక్కవాళ్ళని లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు. తలుపు తోసుకుని డ్రైవర్ లోపలికొచ్చి, మా పాప పుట్టినరోజండీ, రెండు పెట్టెల క్రీం బిస్కెట్లు ఇస్తారా అన్నాడు.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. కసిమీరో మాత్రం ఊపిరితో పాటు ఒళ్ళు కూడా వదిలేసి, బీరువా మూలకి తల కొట్టుకుని పడ్డాడు. "ఖాళీగా ఎందుకు పోవాలి" అని డ్రైవర్ బిస్కెట్లనీ కసిమీరోనీ ఎక్కించుకుని వెళ్ళాడు.

ఇక మిగిలింది పెట్టె ఒక్కటే. విచిత్రమేమిటంటే దానికి ఎవరూ భయపడలేదు. దాని కింద ఎదెల్మీరా రాసిన అక్షరాలు ఎవరూ చదవలేదు. చదివే బాధ తప్పించడానికే కదా ఆమె బొమ్మలు పెట్టింది! అలసీతాలో పెట్టె అంటే విదేశీ ప్రయాణం. అందుకని ఎవరికి వాళ్ళు అదును చూసి దాన్ని తమ బొమ్మ పక్కకి జరుపుకోవడం మొదలుపెట్టారు. పదిన్నరకి సెనోబియా దగ్గరుంది, పెళ్ళయ్యాక ఇద్దరికీ హనీమూన్‌కి పనికొస్తుందని కాబోలు. పదకొండింటికి వాచ్‌మన్ దగ్గరుంది. మధ్యాహ్నం ఎవరో సగంలో అడుగుల చప్పుడు విని వదిలేసినట్టున్నారు, అది ఫ్రోయిలాన్ బొమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

ఆ అక్షరాలు చదివినవాడు ఆయనొక్కడే. శాంతియాగోలో చదువుకున్నాను, ఇలాంటివన్నీ నేను నమ్మను అని వారమంతా నవ్విన మనిషి, అటూ ఇటూ చూసి పెట్టెని రెండు వేళ్ళతో ఎత్తి ఎదెల్మీరా బొమ్మ పక్కన పెట్టాడు. వెనక్కి తిరిగేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది ముందునుంచీ ఇక్కడే ఉంది" అన్నాడు.

"నేను చూశాను సార్."

"చూస్తే చూశావ్! లారీ, పొయ్యి, కసిమీరో తల, అన్నీ నువ్వు తెచ్చిన ఈ దరిద్రం వల్లే. రేపు మేడమ్ ముందే చెప్తాను. నీ బొమ్మ తీసి అవతల పారేస్తాను. దాంతోపాటు నువ్వూ."

ఆ రాత్రి ఎదెల్మీరాకి అన్నం సహించలేదు. మూడేళ్ళు మంచులో మొదటి బస్సు పట్టుకుని వచ్చిన ఉద్యోగం. దాని మీద ఆశతోనే తమ్ముణ్ణి చదువులో చేర్పించింది. బోర్డుని తగలబెట్టేద్దామనుకుంది, కానీ అందులో పదకొండు మంది నిలబడి ఉన్నారు.

శుక్రవారం లెయొకాదియా గారు వచ్చారు. పొట్టి మనిషి, మడతల లంగా, తల మీద నిటారుగా టోపీ. అందరూ అప్పటికే బోర్డు చుట్టూ ఉన్నారు. కసిమీరో తలకి కట్టుతో మొదటి వరసలో కళ్ళు పెద్దవి చేసుకుని ఉన్నాడు. ఎదెల్మీరా వారం పని చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఎవరూ ఆవలించలేదు.

ఆమె ముగించగానే ఫ్రోయిలాన్ లేచాడు. జరిగినవన్నీ ఒక్కొక్కటే చదివాడు. "అందుకని మేడమ్, ఈ అమ్మాయిని ఈ రోజుతో తీసేస్తున్నాను" అంటూ ఎదెల్మీరా బొమ్మని పట్టుకుని లాగాడు.

రాలేదు.

ఇంకోసారి లాగాడు. రెండు చేతులూ వేశాడు. బోర్డు బల్ల మీంచి పైకి లేచింది. మిగతా బొమ్మలన్నీ గలగలా కదిలాయి. ఫ్రోయిలాన్ బొమ్మ తూలి, దొర్లుకుంటూ పోయి పెట్టె మీద బోర్లా పడింది.  ఎక్కడో సన్నగా గంట మోగింది. అది టీ కప్పులో చెంచా చప్పుడని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు ఇంకా టీ ఇవ్వలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

లెయొకాదియా గారు శిలువ గుర్తు వేసుకున్నారు. "వదిలెయ్ నాయనా. రానంటోంది."

"వైన్‌లో పంచదార మేడమ్, అంటుకుపోయింది, అంతకన్నా ఏం లేదు!"

"మరి నీది ఎందుకు అంటుకోలేదు?"

ఫ్రోయిలాన్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నలభై ఏళ్ళుగా మీటింగుల్లో కూర్చుంటున్నాను" అన్నారావిడ. "అందరూ మేలుకుని ఉన్న మీటింగ్ ఇప్పుడే చూస్తున్నాను. అడవిలో, రిబెరాల్తా డిపోకి మనిషి కావాలని ఆర్నెల్లుగా వెతుకుతున్నా. పెట్టె మీద పడ్డావు కదా, నువ్వే పో." అని ఎదెల్మీరా వైపు తిరిగారు. "నువ్వు పర్మనెంట్. మార్చి దాకా ఎందుకు, ఇప్పుడే కాగితం రాయిస్తా. ఒక్కటే షరతు. ఈ బోర్డుని నువ్వే చూసుకోవాలి. దీన్ని వదిలి ఎక్కడికీ పోకూడదు."

"పోను మేడమ్! ఎక్కడికి పోతాను!" అంది ఎదెల్మీరా. ఆనందంతో ఏడ్చేసింది. సెనోబియా కౌగిలించుకుంది. పాస్క్వాలా అవ్వ మాత్రం "నేను రెండు పక్కలా చేయించబట్టే" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ టీ పెట్టడానికి వెళ్ళింది.

అందరూ భోజనాలకి వెళ్ళాక ఎదెల్మీరా కాగితం గుండెలకి హత్తుకుని బోర్డు దగ్గర నిలబడింది. తన బొమ్మని ఇంటికి తీసుకెళ్ళి తమ్ముడికి చూపించాలనిపించింది. ముందు సెనోబియా బొమ్మని ఎత్తి చూసింది, తేలిగ్గా వచ్చింది. కసిమీరోది వచ్చింది. తనది పట్టుకుంది. రాలేదు. వేలు తడిచేసుకుని అడుగున రుద్ది నాలుక మీద పెట్టుకుంది. తీపి లేదు, సారా వాసన లేదు. ఉత్త మట్టి, ఎండిపోయి ఉంది. ఇంకోసారి, గట్టిగా లాగింది. అరికాళ్ళలో ఎక్కడో చురుక్కుమంది. మరి లాగలేదు.

సోమవారం ఊళ్ళో రోడ్లన్నీ దిగ్బంధం చేశారు, ఒక్క బస్సు కదల్లేదు. మీటింగ్ వేళకి ఎదెల్మీరా మాత్రం, బోర్డు మీది తన బొమ్మలాగే, కదలకుండా తన చోట ఉంది.