కరువు చూడవచ్చిన కారులో సెన్సర్

కారులో ఏసీ ఆగిపోయిందని తిట్టుకునే మహానుభావులారా, తప్పు! అనంతపురం జిల్లాకు దేవుడు వానలివ్వడం మరిచాడు గానీ, ఏసీ ప్రెజర్ సెన్సర్‌ను మాత్రం మరవకుండా పంపాడు. అంతకు మించిన వరముందా?

బొటనవేలంత వస్తువు. ఏసీ గొట్టానికి అతుక్కుని, లోపల గ్యాస్ ఎంత ఒత్తిడితో ఉందో కారులోని కంప్యూటర్‌కు చెబుతుంటుంది. గ్యాస్ మరీ తగ్గినా, ఒత్తిడి హద్దు మీరినా కంప్రెసర్ బంద్! వెనక సీట్లో కూర్చున్నది ఆఫీసరా, కాంట్రాక్టరా అని చూడదు. మన జిల్లాలో ఇంత నిష్పక్షపాతంగా పనిచేసేది ఇంకేదైనా ఉందా?

నమ్మకపోతే ఉరవకొండ దగ్గరి రైతు కొండప్పను అడగండి. 2006 సెప్టెంబరు. చినుకు లేదు. కరువు చూడటానికి పెద్దసారు వస్తున్నాడని తెలిసి పొద్దున్నుంచి చేని గట్టు మీదే నిలబడ్డాడు. వేరుశనగ చేను మోసకారి. పైన ఆకు పచ్చగా ఉంటుంది, భూమిలో కాయ ఉండదు. మొక్క పెరికితేనే కరువు కనబడుతుంది. పోయినేడు వచ్చిన సారు కారు అద్దం దించకుండానే పంట భేషుగ్గా ఉందని రాసుకుపోయాడు. ఈసారీ అదే జరిగితే కరువు సాయం రాదు, కొండప్ప ఎద్దులను అమ్మడానికి సంతకు తోలాల్సిందే.

కారు వచ్చింది. దారిలో ఎవరో బోరు కింద పండిన పెసరను కోసి, ఆ ఎండు మొక్కల కట్టెను, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రోడ్డు మీద పరిచి ఉంచారు. దాని మీదుగా వచ్చిన కారుకు, ముందువైపున గ్యాస్‌ను చల్లార్చే జాలీ నిండా పొట్టే! పైగా గొర్రెల మంద వెనక నత్తనడక. గాలి ఆడలేదు, ఒత్తిడి పెరిగింది, సెన్సర్ కబురు పంపింది. సరిగ్గా కొండప్ప చేని దగ్గర ఏసీ ఆగింది. ఏమి టైమింగ్!

"ఏమైందయ్యా?" సారు చెమటలు కక్కుతూ దిగాడు.

"జాలీకి పొట్టు పట్టుకోనుండాది సార్. దులుపుతా, రవంతసేపు నీడకు నిలబడండి" అన్నాడు డ్రైవర్ రామాంజులు.

నీడ యెక్కడిది? ఇంతలో కొండప్ప ఓ మొక్క పెరికి సారు చేతిలో పెట్టాడు.

"సూడు సామీ, యాడన్నా కాయ ఉండాదా?"

సారు మన్ను రాల్చి చూశాడు. ఒక్క కాయ లేదు. ఆ ఏడు మండలం కరువు జాబితాకెక్కింది, ఎద్దులు కొట్టంలోనే ఉండిపోయాయి.

కాబట్టి కరువు చూడబోయే ప్రతి కారుకూ ఈ సెన్సర్ తప్పనిసరి చేయాలని ప్రభుత్వానికి నా విన్నపం!

మరుసటి ఏడు ఇంకో సారు వస్తున్నాడని తెలియగానే కొండప్ప పొట్టు బస్తాలు మోసుకొచ్చి రోడ్డు మీద పరవసాగాడు. అతని భార్య ఆంజినమ్మ నోరెళ్లబెట్టింది.

"పంటే లేదు గదా, ఏం తొక్కిస్తాండావు?"

కొండప్ప తలెత్తకుండానే అన్నాడు. "ఏసీ ఆగకుంటే సారు దిగడు మే."