మూడో నంబరు పికప్‌కే మెజారిటీ

సోమవారం పొద్దున్నే చెవులబ్బాయి ఆ వారానికి పథకం వేసుకున్నాడు. మధ్యాహ్నం గిటార్‌ని షాపుకు తీసుకెళ్లాలి, దానికి కొత్త పికప్‌లు ఎంచుకోవాలి, ఆదివారం భార్య వచ్చేలోగా బిగించి సిద్ధంగా ఉంచాలి. గట్టిగా కూర్చుంటే రెండు గంటల్లో తెమిలిపోయే పని. అతను ఆరు రోజులు కేటాయించాడు. ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక అతనికి వేరే పనేమీ లేదు మరి.

చెవులబ్బాయి అన్నది అతని అసలు పేరు కాదు. చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తాడు కనక అక్కడికొచ్చే పెద్దవాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు. అద్దాల కిటికీ ఉన్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, తను బయట కూర్చుని మీటలు తిప్పుతూ లోపలికి 'కూ' అనీ 'కీ' అనీ శబ్దాలు పంపుతాడు. వినబడిన వాళ్లు బటన్ నొక్కాలి. తలుపు వేస్తే చాలు, ఆ గదిలో ఎవరి ఊపిరి వాళ్లకే వినబడుతుంది. ఈ మధ్య ఆ గదికీ తన ఇంటికీ తేడా ఏమిటో అతనికి తెలియకుండా పోయింది.

పెళ్లయిన నెలకే భార్య బ్యాంకు ఉద్యోగపు శిక్షణకని వేరే ఊరి హాస్టలుకు వెళ్లింది. ఆరు వారాలైంది. ఈ ఊరు ఇద్దరికీ కొత్త. అతనికి తెలిసినవాళ్లంటూ ఉంటే క్లినిక్‌కి వచ్చేవాళ్లే, వాళ్లకేమో అతను చెప్పేది సగం వినబడదు. సాయంత్రం ఇంటికొచ్చి ఒక కప్పులో టీ తాగి, రెండు కప్పులూ కడిగి బోర్లించేవాడు. రెండోది ఎంగిలి కాలేదని అతనికీ తెలుసు.

రోజూ ఏడింటికి ఫోన్ వచ్చేది.

"తిన్నావా?"

"తిన్నా. నువ్వో?"

"తిన్నా. ఇంకేంటి?"

"ఏం లేదు. అంతే."

'ఇంకేంటి' అన్నదానికి అతని దగ్గర చాలా పెద్ద జవాబే ఉండేది. ఫోన్‌లో పట్టదని దాచుకునేవాడు.

ఇక గిటార్ సంగతి. ఆమె ఊరెళ్లే ముందురోజు సాయంత్రం అతను ముచ్చటపడి గిటార్ తీసి స్పీకర్‌కు తగిలించాడు. స్విచ్ వేయగానే పాట కంటే ముందు గుయ్యిమని ఒక రొద మొదలైంది. ఆమె కాసేపు ఓపిగ్గా విని, చిరునవ్వు నవ్వి, ఆరేసిన బట్టలు మడతపెట్టి వస్తానని బాల్కనీలోకి వెళ్లింది. తీగ మీద రెండు తువ్వాళ్లే ఉన్నాయి. మడతపెట్టడానికి ఆమెకు అరగంట పట్టింది. ఆ అరగంట అతని గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఈసారి వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చుని వినాలి. ఒక్క అరగంట చాలు.

షాపాయన గిటార్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తీగల కింద ఈ పట్టీలున్నాయే, ఇవే పికప్‌లు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ. తీగ కదలికని పట్టుకుని స్పీకర్‌కి పంపేది ఇవే. ఇవి మారిస్తే గిటార్ గొంతే మారిపోద్ది. మీకెలాంటి గొంతు కావాలి?"

"మా ఆవిడ వచ్చి పక్కన కూర్చునేలాంటిది."

"అది పికప్‌ల చేతిలో ఉండదు సార్," అన్నాడు షాపాయన. అయినా మంచి మనిషి. మూడు రకాల పికప్‌లు బిగించిన మూడు గిటార్ల మీద ఒకే చిన్న రాగం వాయించి, అతని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాడు. మొదటిది దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంది. రెండోది పక్కగదిలోంచి ఎవరో ఆప్యాయంగా పిలిచినట్టుంది. మూడోది నేల మీద స్టీలు పళ్లెం జారిపడినట్టుంది.

ఆ సాయంత్రం చెవులబ్బాయి మూడింటినీ అరవైసార్లు విన్నాడు. విన్నప్పుడల్లా రెండోదే బాగుందనిపించేది. అనిపించినప్పుడల్లా అనుమానం వచ్చేది. పాత గిటార్ కూడా తనకు బాగానే అనిపించింది కదా! తన చెవిని తను నమ్మకూడదు. ఏది ఏ పికప్పో తెలియని మనుషులు వినాలి, వాళ్లు తేల్చాలి. అదీ శాస్త్రం. అంతమంది మనుషులు ఎక్కడ దొరుకుతారు? ఆలోచించగా అతనికే నవ్వొచ్చింది. రోజుకు పదిహేను మంది తన ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటున్నారు!

మంగళవారం మొదటి ఓటరు హెడ్మాస్టారు. రిటైరై పన్నెండేళ్లయినా జేబులో ఎర్ర పెన్ను ఉంది. పరీక్ష అయిపోయాక చెవులబ్బాయి మూడు రాగాలూ వినిపించి, నచ్చినదానికి బటన్ నొక్కమన్నాడు. మూడోదానికి నొక్కి బయటికి వచ్చిన మాస్టారు గొంతు తగ్గించారు. ఆయన తగ్గించిన గొంతు మందుల కొట్టు దాకా వినబడింది.

"సరైన జవాబెంతయ్యా? మూడేనా?"

"ఇందులో తప్పూ ఒప్పూ లేదు మాస్టారూ. మీకేది నచ్చితే అదే."

"తప్పూ ఒప్పూ లేని పరీక్ష ఉంటుందా? నా దగ్గరా నీ కబుర్లు! సరే, ఫలితాలెప్పుడో చెప్పు."

ఆరు వారాల్లో అతన్ని ఒకటి అడిగి, జవాబు కోసం నిలబడిన మొదటి మనిషి ఆయన. చెవులబ్బాయి కరిగిపోయాడు. "ఆదివారం పదింటికి మా ఇంటికి రండి మాస్టారూ. కొత్త పికప్‌లతో వాయించి వినిపిస్తా."

బుధవారం టైలరు మామ్మ వచ్చింది. నలభై ఏళ్లు కుట్టుమిషన్ మీద కూర్చున్న చెవులు. మొదటి రాగానికి ముఖం కదల్లేదు. రెండోదానికీ అంతే. మూడోది వినగానే కళ్లు పెద్దవి చేసి, బటన్ నొక్కి, నొక్కిన వేలు తీయకుండా కూర్చుండిపోయింది. బయటికొచ్చేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

"ఎన్నాళ్లయింది నాయనా, ఒక శబ్దం ఇంత తేటగా నా చెవిన పడి! ఏం వైద్యం ఇది?"

"వైద్యం కాదు మామ్మా, గిటార్."

"ఏదైతేనేం, గుణం కనబడింది." అని మామ్మ నేరుగా వెళ్లి హాల్లో కూర్చున్నవాళ్లందరికీ చెప్పింది. ఆమెకు వినబడేలా వాళ్లు ప్రశ్నలు వేయాలి, వాళ్లకు వినబడేలా ఆమె జవాబులు చెప్పాలి. కాబట్టి సంగతి వీధి చివరిదాకా పాకింది.

గురువారానికి క్లినిక్ ముందు వరస కట్టారు. 'కూ', 'కీ' వద్దు, గిటారే పెట్టమని కొందరు. రెండు పూటలా పెట్టించుకోవచ్చా అని కొందరు. పరగడుపున వినాలా, తిన్నాక వినాలా అని ఒకాయన. చెవులబ్బాయి కాదు కాదంటూనే అందరికీ వినిపించాడు. నలభై ఒక్క మంది విన్నారు. ముప్పై ఎనిమిది ఓట్లు మూడో నంబరుకు పడ్డాయి. రెండోదానికి ఒకటి. మిగతా ఇద్దరూ బటన్ పట్టుకుని నిద్రపోయారు.

అంత మెజారిటీ ముందు తన ఇష్టాన్ని పట్టుకు వేళ్లాడటం అహంకారం అనిపించింది. శుక్రవారం షాపాయన మూడో రకం పికప్‌లు బిగించి, వైర్లు అతికించి ఇస్తూ, "ఇది కొంచెం ఘాటు సార్. ఆలోచించుకున్నారుగా?" అన్నాడు.

"నలభై ఒక్క మంది ఆలోచించారండీ," అన్నాడు చెవులబ్బాయి గర్వంగా.

శనివారం సాయంత్రం డాక్టరమ్మ లోపలికి పిలిచింది. "ఏమిటయ్యా ఇది? అందరూ వచ్చి గిటార్ ట్రీట్‌మెంట్ రాసివ్వమంటున్నారు. నాకు తెలియకుండా ఏం నడుపుతున్నావు?"

అతను జరిగిందంతా చెప్పాడు. ఓట్ల కాగితం కూడా చూపించాడు. ఆవిడ కాగితం చూసింది, అతన్ని చూసింది, బల్ల మీదున్న పరీక్షల రిపోర్టుల్లోంచి ఒకటి తీసి ముందుకు తోసింది. అతను స్వయంగా గీసిన గీతే. ఎడమవైపు ఎత్తున మొదలై కుడివైపుకు మెట్లు దిగినట్టు దిగిపోయింది. దాని కింద ఇంకొకటి. అదీ మెట్లే. నలభై ఒక్కటీ మెట్లే.

"సన్నటి శబ్దాలు సరిగ్గా వినబడకే కదయ్యా వాళ్లు మన దగ్గరికొచ్చేది? చెవిలో సూది గుచ్చినట్టున్నది తప్ప ఇంకేదీ వాళ్లదాకా పోదు. వాళ్లు మూడోదాన్ని మెచ్చుకోలేదు. వాళ్లకి వినబడింది అదొక్కటే. మీ ఆవిడకి చెవులెలా ఉంటాయి?"

"చాలా బాగుంటాయండీ," అన్నాడు చెవులబ్బాయి ఏడుపు గొంతుతో. "పక్క వీధిలో కుళాయి కారినా వినబడుతుంది."

పరుగున వెళ్లేసరికి షాపుకు తాళం. తలుపు మీద 'ఆదివారం సెలవు' అని పలక.

ఆదివారం తొమ్మిదిన్నరకు ఆమె వచ్చింది. చేతిలో చిన్న సంచి, కళ్ల కింద ప్రయాణపు నలుపు. సాయంత్రం మళ్లీ అయిదింటి బస్సుకే వెళ్లిపోవాలి. గుమ్మంలో నిలబడి అతన్ని చూసి నవ్వితే, ఆరు వారాలుగా బిగుసుకుపోయిన ఇల్లు కాస్త వదులైనట్టయింది. రెండో కప్పులో టీ పోస్తుంటే దాచుకున్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం కడుక్కొస్తానని లోపలికెళ్లింది. ఈలోగా అతను గిటార్‌ని మంచం కిందికి తోసేస్తుంటే తలుపు చప్పుడైంది. హెడ్మాస్టారు! ఆయన వెనక టైలరు మామ్మ. మామ్మ వెనక మెట్ల నిండా జనం.

"ఒక్కణ్ణే రమ్మన్నా కదా మాస్టారూ!"

"పరీక్ష అందరూ రాశారయ్యా. ఫలితాలు నేనొక్కణ్ణే వినడం న్యాయమా?" అంటూ మాస్టారు లోపలికొచ్చి, జేబులోంచి జాబితా తీసి హాజరు పిలవడం మొదలుపెట్టారు. పిలుపు వినబడనివాళ్లను పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు. మంచం, కుర్చీలు, కిటికీ గట్టు, అన్నీ నిండాయి. ముఖం తుడుచుకుంటూ వచ్చిన భార్య గుమ్మంలో ఆగిపోయింది. మంచం కింద కాలికి తగిలిన గిటార్‌ని మామ్మే బయటికి లాగింది.

"అమ్మాయ్, నువ్వు ముందుకొచ్చి కూర్చో. మీ ఆయన వైద్యం చేస్తాడు," అంది.

"ఒక్క నిమిషం," అని ఆమె లోపలికెళ్లి వచ్చి, అతనికి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

చెవులబ్బాయి తీగ మీటాడు. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. గిటార్ మీద శబ్దం ఘాటు తగ్గించే మీట ఒకటుంటుంది. భార్యను తలుచుకుని దాన్ని కిందికి తిప్పాడు.

"వినబడటం లేదూ!" అని హాలంతా గోల పెట్టింది. పైకి తిప్పాడు.

"హాయిగా ఉంది, ఇంకాస్త!" అంది మామ్మ.

ఇంకాస్త తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని వాయించాడు. తనకే పళ్లు పులిసిపోయాయి. ఆమె ఏ బాల్కనీలోకో వెళ్లిపోయి ఉంటుందనుకుంటూ ఒక కన్ను తెరిచాడు. ఆమె అక్కడే ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కనురెప్ప వేయకుండా అతన్నే చూస్తోంది. చిరునవ్వు కూడా చెదరలేదు. అతనికి నమ్మకం కలగలేదు. ఇంకో పాట వాయించాడు. ఇంకోటి. అరగంట దాటింది, ముప్పావు గంట దాటింది. ఆమె కదల్లేదు. ముప్పై ఎనిమిది మంది పొరపాటుపడలేదు, డాక్టరమ్మే పొరపాటుపడింది! సంతోషంతో అతని వేళ్లు తడబడ్డాయి. ఆ సంగతి హాల్లో ఎవరికీ తెలియలేదు.

పదకొండున్నరకు మాస్టారు నూటికి తొంభై రెండు మార్కులు వేసి సభ ముగించారు. అందరూ వెళ్లాక చివరగా టైలరు మామ్మ గుమ్మం దగ్గర అతని చెయ్యి పట్టుకుని, తన లెక్కలో చాలా రహస్యంగా, పై అంతస్తు దాకా వినబడేలా చెప్పింది.

"నాయనా, నేనిందాకట్నుంచీ పలకరిస్తుంటే మీ ఆవిడ నవ్వుతుందే గానీ పలకదు. పాపం, చిన్న వయసులోనే మాలాగే అయింది. రేపు క్లినిక్‌కి తీసుకురా."

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఖాళీ కప్పులు ఏరుతోంది. జుట్టు చెవి వెనక్కి జారింది. చెవిలో తెల్లగా దూది ఉండ! అతను తన చెవి చూపించి ఇదేంటన్నట్టు వేలు ఆడించాడు.

ఆమె సిగ్గుపడింది. చెవులు మూసుకున్నవాళ్ల గొంతు వాళ్లకు తెలియకుండానే పెద్దదవుతుందని అతనికి క్లినిక్‌లో రోజూ తెలిసేదే. "మరేం చెయ్యను!" అని ఆమె ఇల్లంతా మోగేలా అంది. "నేను గిటార్ వినడానికి రాలేదు. నిన్ను చూడ్డానికొచ్చా. హాస్టల్లో గోడని చూసీ చూసీ విసుగొచ్చింది. గిటార్ పట్టుకుంటే నువ్వు కదలకుండా కూర్చుంటావు కదా, తనివితీరా చూసుకోవచ్చని కూర్చున్నా."

చెవులబ్బాయి రెండడుగులు ముందుకేసి, ఆరు వారాలుగా ఫోన్‌లో పట్టక దాచుకున్నదంతా, ఒక్క ముక్క వదలకుండా, మెల్లగా, తల వంచుకుని చెప్పేశాడు.

దూది ఇంకా తీయలేదు కాబట్టి, ఆమెకు అందులో ఒక్క ముక్కా వినబడలేదు.