దిగిన స్వర్గం, ఎక్కిన దూత

ఆ శనివారం ఉదయం సీబ్రాంట్ వేసుకున్న పథకం చిన్నదే. అటకలో ఉన్న స్వర్గాన్ని కిందికి దించి, పడవలో నాటకశాలకు చేర్చాలి. స్వర్గమంటే చెక్క మేఘాలూ, బంగారు రంగు గుమ్మమూ. ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ల ఇరుకు మెట్ల మీద మంచమే దిగదు, స్వర్గం ఎలా దిగుతుంది? అందుకే ఇంటి నెత్తిన దూలానికున్న కొక్కేనికి కప్పీ తగిలించి, స్వర్గానికి కట్టిన తాడును దాని మీదుగా వీధిలోకి వేశాడు.

నాటకం ఆ సాయంత్రమే. దేవుడి మీద తిరగబడి స్వర్గం నుంచి పడిపోయే దూతల కథ. గొప్ప పద్యాలే గానీ ఇప్పుడు వాటిని పట్టించుకునే నాథుడు లేడు. పేట నాటక సంఘంలో ఏళ్ల తరబడి గుంపులో దూతగా నిలబడ్డ సీబ్రాంట్‌కు తిరుగుబాటు నాయకుడి వేషం ఇన్నాళ్లకు దక్కింది. టికెట్లు కొన్నది మాత్రం నటుల చుట్టాలే. హాలు నిండకపోతే ఇకమీదట ఇలాంటివి ఆడేది లేదని అధ్యక్షుడు హైస్‌బెర్ట్ తేల్చేశాడు.

అలవాటు కావాలని సీబ్రాంట్ పొద్దున్నే రెక్కలు కట్టుకుని వీధిలో నిలబడ్డాడు.

"తాడు పట్టడానికి నలుగుర్ని పిలువు," అంది అటక కిటికీలోంచి భార్య హిల్లే. నటులు మాట మరిచిపోతే చాటునుంచి అందించే ప్రాంప్టర్ ఆవిడే.

"నలుగురొచ్చేసరికి పొద్దుగూకుతుంది," అంటూ అతను తాడు కొస నడుముకు బిగించుకున్నాడు. "తోసెయ్!"

ఆవిడ తోసేసింది. స్వర్గం తన దారిన కిందికొచ్చింది. నాయకుడు తన దారిన పైకెళ్లాడు.

హిల్లే అతన్ని కిటికీలోకి లాగబోయింది. రెక్కలు పట్టలేదు.

"రెక్కలు విప్పు."

"తాడు విప్పితే గానీ అవి రావు. తాడు విప్పితే నేనుండను."

"అయితే అలాగే ఉండు."

కింద ఇరుగుపొరుగు చేరారు. తాడు ఇటు లాగాలని ఒకరు, అటు లాగాలని ఒకరు. హైస్‌బెర్ట్ సైకిల్ దిగి, "ఆగండాగండి! ముందు అందరం ఒక మాట మీదికి రావాలి," అన్నాడు. ఆ పేటలో అందరి అభిప్రాయమూ వినందే పూలకుండీ కూడా కదలదు. హిల్లే దిగొచ్చి అందరికీ కాఫీ పోసి, మనిషికో బిస్కెట్ ఇచ్చి డబ్బా మూసేసింది.

"నాకో?" అని పైనుంచి కేక.

"సమావేశానికి వచ్చినవాళ్లకేనయ్యా," అన్నాడు హైస్‌బెర్ట్.

సీబ్రాంట్‌కు ఒళ్లు మండింది. తిట్లు లంకించుకున్నాడు. తన తిట్లు అయిపోయాక నాయకుడి పద్యాలు అందుకున్నాడు. కాలువలో పడవలు ఆగాయి, సైకిళ్లు ఆగాయి.

"అబ్బ, ఏం గొంతండీ! ఈ నాటకం ఎక్కడ?" అని అడిగింది ఒకావిడ. హైస్‌బెర్ట్ జేబులోంచి టికెట్లు తీశాడు. ఎట్టకేలకు సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది: టికెట్లన్నీ అమ్ముడయ్యేదాకా అతన్ని దించకూడదని.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. సీబ్రాంట్ రెక్కలు విప్పార్చి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతంతా కొక్కెం దగ్గరే ఖర్చయిపోయింది.

రంగస్థలం కింది గూట్లోంచి హిల్లే మాట అందించింది. మళ్లీ అందించింది. ఇక లాభం లేదని మొత్తం పాత్ర ఆవిడే ఎత్తుకుంది. నేల కిందినుంచి లేచిన ఆ గొంతుకు జనం ఒళ్లు జలదరించింది. పైన సీబ్రాంట్ పెదవులు కదిపాడు, చేతులు ఊపాడు. ఇన్నేళ్లు కలగన్న వేషం కళ్లెదుటే భార్య సొంతమైపోతుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్లకు కూడా చప్పట్లు పడ్డాయి.

తెర దించాక జనమంతా హిల్లే చుట్టూ మూగారు. ఒకరికి మంచి జరిగితే ఇంట్లోవాళ్లందరికీ చెయ్యి కలిపి అభినందించడం అక్కడి మర్యాద. వరసలో ఒక్కొక్కరే వచ్చి సీబ్రాంట్ చెయ్యి ఊపారు.

"అభినందనలయ్యా! నాయకుడి వేషంలో మీ ఆవిడ అదరగొట్టేసింది!"

గొంతు లేదు కాబట్టి, సీబ్రాంట్ ఆ సాయంత్రం చాలా మర్యాదగా నడుచుకున్నాడు.